ఇల్లు మారుతున్నారా? లారీ మాట్లాడే ముందు లిస్టు రాస్కోండి

తెలిసినవాళ్ళలో ఎవరు ఇల్లు మారుతున్నా నాకు ఒక ఫోన్ వస్తుంది. మూవర్స్‌ని ఎన్ని రోజుల ముందు మాట్లాడుకోవాలి, అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి, ఫ్రిజ్ పడుకోబెట్టొచ్చా, ఇన్సూరెన్స్ నిజంగా అవసరమా, ఇవే ప్రశ్నలు తిప్పి తిప్పి. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా. నేను ఇప్పటికి ఏడు ఇళ్ళు మారాను, అందులో మొదటి మూడుసార్లు బాగానే చేతులు కాల్చుకున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తా. మూవర్స్‌తో గొడవైంది అన్నవాళ్ళ కథ ఏది విన్నా చివరికి తేలేది ఒకటే, ఏ సామాను వెళ్ళాలి, ఎన్ని వెళ్ళాలి, ఏ పరిస్థితిలో వెళ్ళాయి అనేది కాగితం మీద లేదు. రేటు పెంచేశారన్నా, పెట్టె ఒకటి మాయమైందన్నా, పగిలితే పైసా ఇవ్వలేదన్నా మూలం అక్కడే ఉంటుంది. అందుకే లిస్టు గురించి కింద కాస్త ఎక్కువే విసిగిస్తా, ఓర్చుకోండి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఒక నోట్‌బుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే ఆ రోజే చార్జింగ్ అయిపోతుంది, నా మాట వినండి.
- కొలిచే టేపు.
- లావు మార్కర్లు 2, ఒకటి ఎలాగూ పోతుంది.
- అట్టపెట్టెలు, చిన్నవి ఎక్కువ, పెద్దవి తక్కువ.
- ప్యాకింగ్ టేపు (మీరు అనుకున్నదానికి రెట్టింపు), బబుల్ ర్యాప్, అచ్చులేని తెల్ల కాగితం.
- జిప్ కవర్లు, మరల కోసం.
- పాత దుప్పట్లు, తువ్వాళ్ళు. వీటిని పారేద్దామనుకుంటే ఇల్లు మారాక పారెయ్యండి.

1. తేదీ ఖాయం చేసుకోండి

ఊరు మారేవాళ్ళు 6 నుంచి 8 వారాల ముందు, అదే ఊళ్ళో మారేవాళ్ళు కనీసం 3, 4 వారాల ముందు మొదలుపెట్టండి. నెలాఖరు, నెల మొదలు, శని ఆదివారాలు మూవర్స్‌కి ఊపిరాడదు, ఎందుకంటే అద్దెలన్నీ అప్పుడే మారతాయి. నెల మధ్యలో వారం మధ్యలో పెట్టుకోగలిగితే రేటూ తగ్గుతుంది, పైగా పొద్దున్నుంచి ఇంకో ఇల్లు ఖాళీ చేసి అలిసిపోయి వచ్చిన మనుషులు కాకుండా తాజాగా ఉన్నవాళ్ళు వస్తారు. ఈ రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ సామాను పగిలేది ఎక్కువగా సాయంత్రం పూట అలసిపోయిన చేతుల్లోనే.

పాత ఇల్లు, కొత్త ఇల్లు కనీసం రెండు మూడు రోజులు రెండూ మీ చేతిలో ఉండేలా చూస్కోండి. ఒకే రోజు ఇది ఖాళీ చేసి అది తాళం తీసుకోవాలంటే లారీ ఒక గంట ఆలస్యమైనా రోడ్డు మీద నిలబడతారు. అలా కుదరకపోతే నడుమ రోజులకి సామాను గోడౌన్‌లో పెట్టే ఏర్పాటు ఉందా, దానికి విడిగా ఎంత అని ముందే అడగండి.

2. వద్దనుకున్నవి ముందే వదిలించుకోండి

ఇది సర్వేకి (మూవర్స్ మనిషి రేటు చెప్పడానికి ఇల్లు చూసిపోయేదానికి) ముందు చెయ్యాలి, తర్వాత కాదు. చాలామంది కొటేషన్ తీసుకుని ఆ తర్వాత పాత సోఫా అమ్మేస్తారు, అప్పుడు రేటు తగ్గించమంటే వాళ్ళు తగ్గించరు. రెండేళ్ళుగా తెరవని పెట్టె ఏదైనా ఉంటే ఈసారి తెరిచి చూడండి, పోయిన ఇంటి నుంచి వచ్చిన టేపు అలాగే ఉందంటే లోపలున్నది మీకు అక్కర్లేదన్నట్టే. దూరం వెళ్ళేటప్పుడు ఒక పాత బీరువాని తీసుకెళ్ళే ఖర్చు కొన్నిసార్లు ఆ బీరువా ఖరీదుని మించిపోతుంది, లెక్కేస్కోండి.

3. లిస్టు, అసలు పని ఇదే

గది గదికి తిరిగి రాయండి. ఎదురుగా కనిపించేవే కాదు, అలమరలు తెరిచి, మంచం కింద వంగి చూసి, అటక మీదకెక్కి, బాల్కనీ, స్టోర్ రూమ్, మెట్ల కింద మూల, అన్నీ. పెద్ద వస్తువులు ఒక్కొక్కటి విడిగా, చిన్నవి "ఇన్ని పెట్టెలు అవుతాయి" అని అంచనాగా.

నా మూడో ఇంటి కథ ఇక్కడ చెప్పాలి. సర్వేకి వచ్చినాయన హాలు, రెండు బెడ్‌రూములు చూసి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు, అటక తలుపు నేనూ తియ్యలేదు ఆయనా అడగలేదు. లోడింగ్ రోజు అటక మీంచి 22 పెట్టెలు దిగాయి. లారీ నిండిపోయింది, ఇంకో బండి పిలవాలి, కొటేషన్‌లో సగం అదనంగా ఇవ్వండన్నారు. ఇల్లంతా సగం లారీలో సగం గుమ్మంలో ఉంటే ఏం బేరమాడతాం, ఇచ్చేశాను. అప్పుడు తెగ తిట్టుకున్నా గానీ ఇప్పుడు ఆలోచిస్తే తప్పు సగం నాదే.

లారీలో సామాను బరువుకన్నా ముందు చోటు లెక్క. మీరే ఒక అంచనా వేస్కోవచ్చు, కష్టమేం కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. 2.5 అడుగుల వెడల్పు, 2.5 లోతు, 5.5 ఎత్తున్న ఫ్రిజ్ అంటే దాదాపు 34 ఘనపుటడుగులు, అంటే ఇంచుమించు ఒక ఘనపు మీటరు (35.3 ఘనపుటడుగులు ఒక ఘనపు మీటరు). విప్పేసే మంచాలు, బల్లలు విప్పాక ఎంత చోటు పడుతుందో అది రాయండి. మొత్తం కూడి, మధ్యలో ఖాళీలుంటాయి కాబట్టి పైన ఒక 15 శాతం వేస్కోండి. ఇది పక్కా లెక్కేం కాదు, కానీ మీరు రేటు అడిగిన ముగ్గురు మూవర్స్‌లో ఒకడు మీ అంచనాలో సగమే చెప్పాడనుకోండి, వాడు సరిగ్గా చూడలేదనో, లేదా తర్వాత పెంచుదామనుకుంటున్నాడనో తెలిసిపోతుంది.

లిస్టులో ఇంకో మూడు గడులు గీయండి: ఇప్పటికే ఉన్న గీతలూ సొట్టలూ, మోడల్ లేదా సీరియల్ నంబరు (మెషిన్లకి మాత్రమే), ఇప్పుడు కొనాలంటే ఎంతవుతుంది. ఈ మూడో గడి ఇన్సూరెన్స్ దగ్గర పనికొస్తుంది.

4. కొత్త ఇంటి కొలతలు

టేపు పట్టుకుని వెళ్ళి గుమ్మం వెడల్పు, లిఫ్టు తలుపు, లిఫ్టు లోపలి ఎత్తు, మెట్లు తిరిగే చోట ఉన్న జాగా కొలవండి. సోఫా, డబుల్ డోర్ ఫ్రిజ్, విప్పలేని బీరువా, ఈ మూడూ గుమ్మం దగ్గర ఇరుక్కునేవి. ఎక్కువమంది గుమ్మం కొలుస్తారు, మెట్ల మలుపు మర్చిపోతారు, సోఫా సరిగ్గా అక్కడే ఆగుతుంది.

లారీ ఇంటి ముందు దాకా వస్తుందా, సందులో తిరుగుతుందా, పైన తీగలు అడ్డమొస్తాయా, పగలు పెద్ద బండ్లని రానిస్తారా, లిఫ్టు ముందే బుక్ చెయ్యాలా, ఇవి రెండు చివర్లా కనుక్కోండి. బండి దూరంగా ఆగితే మోసే దూరానికీ, లిఫ్టు లేకపోతే మెట్లకీ విడిగా డబ్బులడుగుతారు, అది న్యాయమే, కానీ ముందే తెలియాలి.

5. ముగ్గురిని పిలిచి ఇల్లు చూపించండి

కనీసం 3 కంపెనీలు. ఇల్లు చూడకుండా ఫోన్‌లోనే "డబుల్ బెడ్‌రూమా, అయితే ఇంత" అని రేటు చెప్పేవాళ్ళని పక్కన పెట్టెయ్యండి. రాలేకపోతే వీడియో కాల్‌లో చూపించండి, కానీ కెమెరా మీరు తిప్పండి, ప్రతి అలమరా తెరిచి చూపించండి. ముగ్గురికీ అదే లిస్టు కాపీ ఇవ్వండి, లేకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు ఇళ్ళకి రేటు చెప్పినట్టవుతుంది, పోల్చి లాభం లేదు.

వచ్చినాయన్ని ఇవి అడగండి:

- లారీ మీదా, బయట మాట్లాడతారా? మనుషులు మీవాళ్ళా?
- మా సామాను ఒక్కటే వెళ్తుందా, ఇంకొకళ్ళది కూడా కలిపి వేస్తారా?
- దారిలో బండి మారుస్తారా?
- మంచాలు విప్పడం, అక్కడ మళ్ళీ బిగించడం రెండూ ఇందులోనే ఉన్నాయా?
- పెట్టెలు విప్పి, చెత్త తీసుకెళ్తారా?
- సామాను ఏ తేదీ నుంచి ఏ తేదీ లోపు చేరుతుంది?

రెండో ప్రశ్న దూరం వెళ్ళేవాళ్ళకి చాలా ముఖ్యం. కలిపి వేస్తే రేటు బాగా తగ్గుతుంది, సామాను తక్కువ ఉన్నవాళ్ళకి అదే మేలు కూడా, కాకపోతే మిగతావాళ్ళది దింపుకుంటూ వస్తారు కాబట్టి రోజులు పడుతుంది, ఎక్కించి దించడం ఎక్కువ, మీ పెట్టె వేరేవాళ్ళింట్లో దిగిపోయే ప్రమాదం ఉంది. అలా వెళ్ళేటట్టయితే ప్రతి పెట్టె మీదా మీ పేరూ నంబరూ రాయడంతోపాటు ఒక ప్రత్యేకమైన రంగు టేపు చుట్టండి, దూరం నుంచే కనిపిస్తుంది.

కొన్ని కంపెనీలకి సొంత లారీ ఉండదు, మనిషీ ఉండడు, మీ ఆర్డరు తీసుకుని కమీషన్ మీద ఇంకొకడికి అమ్మేస్తారు. అది తప్పని కాదు, కానీ పగిలితే ఎవరిని అడగాలి అన్నప్పుడు నువ్వంటే నువ్వు అంటారు. బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.

6. కొటేషన్ చదవడం

కింద ఉన్న మొత్తం అంకె చూసి తక్కువ ఉన్నదానికి ఓకే చెప్పేస్తాం, అందరూ చేసే తప్పు ఇదే. ముందు ఇది ఖాయమైన రేటా, అంచనా రేటా అని చూడండి. ఖాయం అంటే లిస్టులో ఉన్న సామానుకి లోడింగ్ రోజు పెంచడానికి లేదు. అంచనా అంటే ఆ రోజు తేలిన బరువుని గానీ, చోటుని గానీ, పట్టిన గంటల్ని గానీ చూసి మారుతుంది. అంచనా అయితే "ఎంత దాటితే మీరు నన్ను అడగకుండా ముందుకెళ్ళకూడదు" అని ఒక హద్దు రాయించుకోండి.

తర్వాత ప్యాకింగ్ సామాను, లోడింగ్, అన్‌లోడింగ్, మెట్లు, మోసే దూరం, టోల్, ట్యాక్స్, ఇన్సూరెన్స్, బిగించడం, బండి ఆగితే వెయిటింగ్, ఒక్కొక్కటి ఇందులో ఉందా బయటా అని టిక్కు పెట్టుకుంటూ వెళ్ళండి. కొటేషన్‌లో ఏ మాటా లేదంటే అది బయటే అనుకోండి. నోటిమాటగా "అదంతా మేం చూస్కుంటాం సార్" అన్నది ఏదైనా సరే, ఆ రాత్రే వాళ్ళకి మెసేజ్ పెట్టండి: "ఇందాక మీరు ఏసీ విప్పి బిగించడం ఇందులోనే అన్నారు, అంతే కదా?" అవును అని ఒక్క రిప్లై వస్తే చాలు. నాకు ఇది రెండుసార్లు పనికొచ్చింది.

మీ లిస్టుని కొటేషన్‌కి జత చెయ్యమనండి, రెండు కాపీల మీదా సంతకాలు. జత చెయ్యనన్నాడంటే అక్కడితో నమస్కారం పెట్టెయ్యండి.

7. కంపెనీ నిజమైనదేనా

చూడాల్సినవి: ఆఫీసు అడ్రసు నిజంగా ఉందా (వీలైతే ఒకసారి వెళ్ళి రండి), మీ దగ్గర ఈ వ్యాపారానికి ఏ రిజిస్ట్రేషన్, లైసెన్స్ కావాలో ఆ నంబరు ఇచ్చారా, ఆ నంబరు ప్రభుత్వ సైట్‌లో అదే పేరుతో వస్తోందా, డబ్బులు వెయ్యమన్న బ్యాంకు ఖాతా కంపెనీ పేరు మీద ఉందా లేక ఎవరో మనిషి పేరు మీద ఉందా. రివ్యూలు చదివేటప్పుడు అయిదు నక్షత్రాలవి వదిలేసి, రెండు మూడు నక్షత్రాలవి చదవండి, అసలు సంగతి అక్కడుంటుంది. పేరున్న కంపెనీ పేరుకి ముందో వెనకో ఒక మాట తగిలించుకుని తిరిగేవాళ్ళుంటారు, పేరులో ప్రతి అక్షరం చూడండి.

వీళ్ళని చూస్తే జాగ్రత్త:

- మిగతా ఇద్దరూ దగ్గర దగ్గరగా చెప్తే, వీళ్ళు సగానికి చేస్తామంటారు.
- మొత్తం డబ్బు గానీ, అందులో చాలా భాగం గానీ ముందే కట్టమంటారు.
- ఖాళీ కాగితం మీదో, అంకెలు నింపని ఫారం మీదో సంతకం అడుగుతారు.
- ఫోన్ ఎత్తి "హలో, మూవర్స్" అంటారు గానీ కంపెనీ పేరు చెప్పరు.

ఇందులో మొదటిది అన్నిటికన్నా ప్రమాదం. తక్కువకి ఒప్పుకుని, సామాను లారీలోకి ఎక్కాక, దారిలోనో దించే చోటో రేటు పెంచి, కడితేనే దించుతాం అని కూర్చుంటారు. చాలా దేశాల్లో ఇదే పద్ధతి, ఇదే మోసం. అలా జరిగితే అరవకండి, సంతకాలున్న కొటేషన్ చూపించి, మాటలు మెసేజ్‌లోకి మార్చి, పోలీసులకి ఫోన్ చెయ్యండి. కాగితం లేకపోతే మాత్రం పోలీసులు కూడా "మీరూ మీరూ మాట్లాడుకోండి" అనే అవకాశమే ఎక్కువ.

అడ్వాన్స్ ఎంత అంటే, బండి బుక్ చెయ్యడానికి సరిపడా కొంచెం, లోడింగ్ అయ్యాక కొంత, దించి లెక్క చూస్కున్నాక మిగతాది. చివరి భాగం మీ చేతిలో ఉన్నంతసేపే మీ మాటకి విలువ.

8. ఇన్సూరెన్స్

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి, కలిపెయ్యకండి. ఒకటి మూవర్స్ కంపెనీ బాధ్యత. ఇది చాలా చోట్ల చాలా తక్కువగా, కొన్ని చోట్ల కిలో లెక్కన ఉంటుంది, అంటే తేలికైన ఖరీదైన ల్యాప్‌టాప్‌కి వచ్చేది బరువైన పాత బల్లకొచ్చేదానికన్నా తక్కువ, నవ్వాలో ఏడవాలో తెలీదు. రెండోది విడిగా తీసుకునే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్, అంటే దారిలో సామానుకి జరిగే నష్టానికి. ఇది తీసుకుంటే పాలసీ కాగితం ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మీ పేరు మీద రావాలి. మూవర్స్ వాళ్ళ బిల్లులో "ఇన్సూరెన్స్" అని ఒక లైను రాసి డబ్బులు తీసుకున్నంత మాత్రాన మీకు పాలసీ ఉన్నట్టు కాదు, నంబరు అడగండి.

పాలసీలో చూడాల్సినవి నాలుగు. మీరే ప్యాక్ చేసిన పెట్టెలో పగిలితే సాధారణంగా ఇవ్వరు. బయట దెబ్బ కనిపించకుండా లోపల మెషిన్ పనిచెయ్యకపోతే చాలా పాలసీల్లో కవర్ అవ్వదు. నగదు, నగలు ఉండవు. నాలుగోది, ప్రీమియం మిగుల్తుందని సామాను విలువ సగం చూపిస్తే, పగిలినదానికి కూడా చాలా పాలసీలు సగమే ఇస్తాయి. పదివేలు నష్టమైతే అయిదువేలన్నమాట. అందుకే లిస్టులో ఆ గడి.

9. లారీలో వెయ్యకూడనివి

గ్యాస్ సిలిండరు, పెట్రోలు, కిరసనాయిలు, పెయింటు, థిన్నరు, యాసిడ్ బాటిళ్ళు, టపాకాయలు, స్ప్రే డబ్బాలు. మూవర్స్ ఇవి తీసుకోరు, మీరు పెట్టెలో దాచి పంపితే నిప్పంటుకున్నా కారిపోయినా ఇన్సూరెన్స్ రాకుండా పోవచ్చు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు కూడా మీతోనే ఉంచుకోండి, మూసేసిన లారీలో ఎండకి వేడెక్కితే మంచిది కాదు. ఇన్వర్టర్ బ్యాటరీ నిటారుగానే వెళ్ళాలి, పడుకోబెడితే యాసిడ్ కారొచ్చు.

మొక్కలు దూరం అయితే వద్దు, ఎవరికైనా ఇచ్చెయ్యండి. మూసేసిన లారీలో రోజుల తరబడి ఉంటే వాడిపోవచ్చు.

10. ప్యాకింగ్

కంపెనీవాళ్ళే చేస్తే హాయి, బాధ్యత కూడా వాళ్ళదే. డబ్బులు మిగుల్చుకోవాలంటే బట్టలు, పుస్తకాలు, పరుపు దుప్పట్లు మీరు చేసి, గాజు, పింగాణీ, ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి వదిలెయ్యండి. ఇది నాకు బాగా కుదిరిన పద్ధతి.

మీరు చేసేటప్పుడు:

పెట్టె 15 కిలోలు దాటకూడదు. పుస్తకాలు చిన్న పెట్టెల్లో, బట్టలు పెద్ద పెట్టెల్లో, అందరూ సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు, పుస్తకాల పెద్దపెట్టె ఎత్తగానే అడుగు ఊడి వస్తుంది. అడుగున టేపు మధ్యలో ఒక్క వరస కాదు, అంచుల మీద కూడా వెయ్యండి.

ప్లేట్లు పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఒక్కొక్కటి కాగితంలో చుట్టి, అల్మరాలో పుస్తకాలు నిలబెట్టినట్టు నిలబెట్టండి. పడుకోబెడితే కుదుపుకి పైనున్నవాటి బరువంతా అడుగు ప్లేటు మీద పడుతుంది, నిలబెడితే అంచు తట్టుకుంటుంది. అద్దాలు, ఫోటో ఫ్రేములు కూడా అంతే, నిలబెట్టే. అద్దం మీద అడ్డంగా టేపు అంటించడం పగలకుండా కాదు, పగిలితే ముక్కలు చెదరకుండా.

నింపాక పెట్టె మూసి చేతుల్తో కొంచెం ఊపండి. లోపల గలగలమంటే తెరిచి కాగితం కుక్కండి. పైన నొక్కితే లోపలికి పోతే ఇంకా కుక్కండి, ఎందుకంటే దాని మీద ఇంకో మూడు పెట్టెలు ఎక్కుతాయి. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం పగుళ్ళు ఉండవు.

న్యూస్‌పేపర్ వాడితే తెల్ల పింగాణీకి సిరా అంటుతుంది, కడగాల్సొస్తుంది, అంతకన్నా నష్టమేం లేదు. కానీ పాలిష్ చేసిన చెక్క మీద నేరుగా టేపు అంటించారో, పాలిష్ ఊడొస్తుంది. ముందు దుప్పటి, దాని మీద ప్లాస్టిక్ ఫిల్మ్, దాని మీద టేపు.

విప్పిన మంచం మరలు జిప్ కవర్లో వేసి, ఏ మంచం అనేది రాసి, ఆ మంచం చట్రానికే కట్టెయ్యండి. అన్ని మరలూ ఒకే డబ్బాలో వేసి భద్రంగా దాచే వాళ్ళుంటారు, తర్వాత ఆ డబ్బా దొరకదు, దొరికినా ఏది దేనిదో తెలీదు. విప్పే ముందు ఒక ఫోటో.

పెట్టె మీద నంబరు, గది పేరు, పైన కాకుండా పక్కల రెండు వైపులా రాయండి. ఒకదాని మీద ఒకటి పేర్చాక పైన రాసింది ఎవరికి కనిపిస్తుంది? లోపలేముందో నోట్‌బుక్‌లో నంబరు ఎదురుగా రాస్కోండి. పెట్టె మీద "టీవీ", "కెమెరా" అని రాయకండి, దొంగకి అడ్రసు చెప్పినట్టే.

11. మెషిన్లు

ఫ్రిజ్: ఒక రోజు ముందే ఆపి, తలుపు తీసి ఉంచి, ఐసు కరిగాక తుడవండి. లోపలి అరలు తీసి విడిగా చుట్టండి. నిటారుగానే తీసుకెళ్ళాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి పోతుంది. నిలబడే వచ్చినా దింపాక రెండు మూడు గంటలు ఆగి స్విచ్ వెయ్యండి. పడుకునే వచ్చిందని అనుమానముంటే ఒక రోజంతా నిలబెట్టి ఉంచండి.

వాషింగ్ మెషిన్: నీళ్ళు పైపుల్లోంచి పూర్తిగా దించండి. ఫ్రంట్ లోడ్ అయితే కొన్నప్పుడు వెనక వైపు పొడుగాటి బోల్టులు వచ్చాయి గుర్తుందా, ట్రాన్సిట్ బోల్టులు, అవి మళ్ళీ బిగించాలి, లేకపోతే డ్రమ్ము ఊగి, దాన్ని లోపల పట్టి ఉంచే సస్పెన్షన్ పోతుంది. అక్కడికెళ్ళాక అవి తియ్యకుండా ఆన్ చేస్తే అది ఇంకా పెద్ద నష్టం, మెషిన్ గదంతా గెంతుతుంది. పారేసి ఉంటే సర్వీసువాళ్ళ దగ్గర అడగండి.

టీవీ: ఎప్పుడూ నిలబెట్టే. అసలు పెట్టె దాచుకున్నవాళ్ళు అదృష్టవంతులు. లేనివాళ్ళు తెర మీద మెత్తని గుడ్డ, దాని మీద గట్టి అట్ట, ఆ తర్వాతే బబుల్ ర్యాప్.

కంప్యూటర్: ఫైళ్ళన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసి ఆ డిస్కు మీ బ్యాగులో. ప్రింటర్లో ఇంకు డబ్బాలు తీసెయ్యండి. వెనక వైర్లు పీకే ముందు ఒక ఫోటో.

ప్యాక్ చేసే ముందు ప్రతి మెషినూ ఆన్ చేసి పనిచేస్తోందని పదిహేను సెకన్ల వీడియో తియ్యండి, తర్వాత వాదన వస్తే ఇదే సాక్ష్యం.

12. మీతో ఉండే బ్యాగు

నగలు, నగదు, ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు, మందులు, డాక్టరు రాసిన చీటీలు, కళ్ళజోడు, చార్జర్లు, రెండు రోజుల బట్టలు. ఇంకో పెట్టె "చివర ఎక్కించి ముందు దించాలి" అని రాసి అందులో సబ్బు, తువ్వాలు, దుప్పట్లు, బల్బు, కత్తెర, స్క్రూడ్రైవరు, చెత్త కవర్లు. కత్తెర మర్చిపోతే టేపులన్నీ పళ్ళతో చింపుకోవాలి, చేశాను కాబట్టి చెప్తున్నా.

13. లోడింగ్ రోజు

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఒకరు లోపల ఏది ముందు ఏది తర్వాత అని చూస్తూ ఉంటే, రెండోవాళ్ళు లారీ దగ్గర నోట్‌బుక్ పట్టుకుని ఎక్కిన ప్రతి నంబరుకీ టిక్కు పెట్టాలి. ఒక్కరే ఉంటే లారీ దగ్గర ఉండండి. చిన్నపిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ ఆ రోజుకి ఎవరింట్లోనైనా ఉంచండి, తలుపులన్నీ బార్లా తీసి ఉంటాయి.

మూవర్స్ కూడా ఒక లిస్టు రాస్తారు, దాంట్లో ప్రతిదానికీ ఎదురుగా "పాతది, గీతలున్నాయి" అని రాసేస్తారు చూడండి, అది పక్కా అలవాటు. మీ కొత్త బల్లకి కూడా అలా రాస్తే అక్కడే కొట్టేయించండి, తర్వాత పగిలినా "ముందే అలా ఉంది" అంటారు. బండి నంబరు, డ్రైవరు ఫోన్ తీసుకోండి, నంబర్ ప్లేటు ఫోటో తియ్యండి.

బండి కదిలేముందు ఇంట్లో ఒక చుట్టు: అలమరాలు, తలుపుల వెనక, గోడకున్న గడియారం, బాత్రూమ్ అద్దం వెనక, బట్టలారేసిన తీగ. కరెంటు, నీళ్ళ మీటర్ల రీడింగు ఫోటో. ఖాళీ గదుల వీడియో, డిపాజిట్ తిరిగిచ్చేటప్పుడు ఓనరు గోడల గురించి ఏమైనా అంటే ఉంటుంది.

14. దించేటప్పుడు

గది గుమ్మాలకి కాగితం అంటించి పేర్లు రాయండి, పెట్టె మీద ఉన్న పేరే అక్కడా ఉండాలి. పెద్ద సామాను ఎక్కడ పెట్టాలో ముందే అనుకుని ఉండండి, దించినవాళ్ళు వెళ్ళాక బీరువా జరపడం మీ వల్ల కాదు. మళ్ళీ నంబర్లు టిక్కు.

ఆఖర్న ఒక కాగితం సంతకానికి తెస్తారు, "సామాను మంచి స్థితిలో అందింది" అని ఉంటుంది. అందరూ అలసిపోయి ఉంటారు, వాళ్ళకి ఇంకో పని ఉందంటారు, మీరూ పెట్టేస్తారు. నా రెండో ఇంటప్పుడు నేను అలాగే పెట్టేశాను, మర్నాడు డైనింగ్ బల్ల చుట్టిన దుప్పటి విప్పితే ఒక కాలు పగిలి ఉంది. ఫోన్ చేస్తే "సంతకం పెట్టారు కదండీ" అన్నారు, అంతే. కాబట్టి పెద్దవి విప్పి చూశాకే సంతకం. అన్నీ విప్పడం కుదరకపోతే సంతకం పైన మీ చేత్తో "పెట్టెలు విప్పి చూడలేదు, లోపలివి చూశాక తెలియజేస్తాను" అని రాసి అప్పుడు పెట్టండి. నలిగిన, తడిసిన, టేపు ఊడిన పెట్టెల నంబర్లు కూడా అదే కాగితం మీద రాయండి. "రాయనివ్వం" అంటే ఆఖరి భాగం డబ్బులు గుర్తు చెయ్యండి, రాయనిస్తారు.

15. పగిలింది తేలితే

కదపకుండా ముందు ఫోటోలు: దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పెట్టె బయట ఒకటి నంబరు కనిపించేలా. అదే రోజు కంపెనీకీ, పాలసీ ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళకీ రాతపూర్వకంగా పంపండి, ఫోన్‌లో చెప్తే చెప్పినట్టు కాదు. క్లెయిమ్‌కి గడువుంటుంది, కొన్నిటికి రోజుల్లోనే, పాలసీలో ఎంతుందో ముందే చూసి పెట్టుకోండి. వాళ్ళు చూసేదాకా రిపేరు చేయించకండి, విరిగిన ముక్కలు పారెయ్యకండి.

పెట్టెలన్నీ మొదటి వారంలోనే విప్పెయ్యండి, క్లెయిమ్ కోసమైనా. ఖాళీ పెట్టెలూ, నలిపిన కాగితాలూ మాత్రం వెంటనే చెత్తలో వెయ్యకండి, ఒక మూల పడేసి, పారేసే ముందు ఒక్కో ఉండా చేత్తో నొక్కి చూడండి. పోయిన ఇంటప్పుడు మంచం బోల్టు ఒకటి తగ్గిందని బజారుకెళ్ళబోతూ చెత్త సంచి పైకెత్తితే లోపల ఖణేల్‌మంది.